బండిమీది నూడుల్సు, ఇంటిలోని పొయ్యి

సాయంకాలము ఆరు గంటలు దాటిన పిమ్మట హైదర్‌గూడ నుండి నారాయణగూడ చౌరస్తా మీదుగా చిక్కడపల్లికిని, అక్కడినుండి అశోక్‌నగర్ సందులలోనికిని నడచిపోవువారికి, పగలంతయు వాహనముల ధ్వనితోను పొగతోను నిండియుండిన ఆ వీథులు మెల్లమెల్లగా మరియొక అధికారమునకు లోబడుచున్నట్లు తోచును. కాగిన నూనెలో వెల్లుల్లి పడిన వాసన, ఇనుప కడాయి అంచులకు తగిలి సోయా సాసు మాడిన వాసన, కరివేపాకు చిటపటలాడగా లేచిన ఘాటు, ఈ మూడును కలసి, ‘చైనీస్ ఫాస్ట్ ఫుడ్’ అని వ్రాసిన ఎఱ్ఱని బోర్డు కంటబడుటకు ముందే బండి ఉనికిని బాటసారికి తెలియజేయును. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకో సివిల్ సర్వీసులకో కోచింగు తీసికొనుచు, పగటిపూట చిక్కడపల్లి గ్రంథాలయములో కూర్చుండి, రాత్రికి హాస్టలు గదికి మరలు విద్యార్థియు, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గఱి సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్లలో ఆట చూచి వచ్చు కుటుంబమును, ఆఫీసు నుండి తిరిగివచ్చుచు పిల్లల కోరికపై ‘ఒక చికెన్ నూడుల్స్, ఒక సిక్స్టీఫైవ్, పార్సిల్’ అని చెప్పి బండి ప్రక్కన నిలువబడు గృహస్థుడును ఆ వాసనకు సమానముగా బద్ధులు.

ఇట్టి భోజనమును ఇంటిలోనే వండుకొనవలెనను కోరిక చాలమందికి కలుగుట సహజము. దుకాణములో సోయా సాసు, చిల్లీ సాసు, వెనిగరు, హక్కా నూడుల్సు పొట్లము, కార్న్ ఫ్లోరు, అన్నియు దొరకును. వంట చూపు వీడియోలకు కొదువలేదు. ఐనను, అన్ని దినుసులు యథావిధిగా వేసి, అన్ని కొలతలు పాటించి వండినను, నూడుల్సు ముద్దయగుట, కూరగాయలు నీరుకారుట, వేయించిన కోడిమాంసము వడ్డించుసరికి మెత్తబడుట ఇంటింట జరుగుచున్నది. బండివాడు ఏదియో రహస్యమైన పొడి కలుపుచున్నాడని అంతట అందఱును తీర్మానించెదరు. అది పొరపాటు. బండి రుచి సీసాలలో లేదు. మంటలోను, మంటకు ముందు జరుగు సన్నాహములోను ఉన్నది. ఈ సంగతి గ్రహించినచో ఇంటి పొయ్యిమీదనే ఆ రుచిని చాలవఱకు సాధింపవచ్చును.

కలకత్తా నుండి చిక్కడపల్లికి

మనము చైనీస్ అని పిలుచు ఈ వంటకము చీనాదేశమునుండి నేరుగా దిగివచ్చినది కాదు. 18వ శతాబ్దపు చివరి భాగమున కలకత్తాకు దిగువ, హుగ్లీ తీరమున టాంగ్ అచ్యూ అను వర్తకుడు చక్కెర మిల్లు స్థాపించుటతో బంగాళములో చీనీయుల నివాసము ఆరంభమైనదని చరిత్రకారులు వ్రాసిరి. ఆ ఊరు నేటికిని అచ్చీపూర్ అనియే పిలువబడుచున్నది. తరువాతి కాలమున వచ్చిన హక్కా జాతివారు కలకత్తా తూర్పు అంచున టాంగ్రాలో తోళ్లు శుద్ధిచేయు కర్మాగారములు పెట్టుకొనిరి. 1962 నాటి భారత-చీనా యుద్ధకాలమున చీనీ సంతతివారు వేలసంఖ్యలో రాజస్థానమునందలి దేవలీ శిబిరమున నిర్బంధింపబడిరి. పెక్కురు దేశము విడిచిపోయిరి. మిగిలినవారిలో అనేకులకు వంటశాలయే జీవనాధారమైనది. 1996లో కాలుష్యకారణమున తోళ్ల కర్మాగారములను టాంగ్రానుండి తరలింపవలసినదని సుప్రీం కోర్టు ఆదేశించిన పిమ్మట ఆ పేటకు భోజనశాలలవలననే పేరు నిలిచినది. బంగాళీ నాలుకకు తగినట్లు పచ్చిమిరపయు, వెల్లుల్లియు, నూనెయు అధికముచేసి వారు కూర్చిన పాకమే నేడు దేశమంతట వ్యాపించియున్నది.

ఈ పరంపరలోనివాడే కలకత్తాలో జన్మించిన నెల్సన్ వాంగ్. అతడు 1975లో బొంబాయి నగరమున క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో వంట చేయుచుండగా, క్రొత్తదేదైనను కావలెనని ఒకరు కోరిరనియు, అతడు కోడిమాంసపు ముక్కలను కార్న్ ఫ్లోరులో దొరలించి వేయించి, అల్లము, వెల్లుల్లి, పచ్చిమిర్చి, సోయా సాసులతో చిక్కని రసము చేసి కలిపెననియు, అదియే మంచూరియా పుట్టుక యనియు విశేషముగా చెప్పుకొందురు. చికెన్ సిక్స్టీఫైవ్ కథ వేఱు. అది మద్రాసు మౌంట్ రోడ్డునందలి బుహారీ హోటలులో 1965లో వెలువడినదని ఆ హోటలువారి వాదము. కలకత్తా నూడుల్సును, బొంబాయి మంచూరియాను, మద్రాసు సిక్స్టీఫైవును హైదరాబాదు ఒకే బండిపై చేర్చి, దానికి పెరుగు, కరివేపాకు, చీల్చిన పచ్చిమిరపకాయలు జోడించి, చికెన్ మెజెస్టిక్ అనియు, అపోలో ఫిష్ అనియు తనవైన వంటకములను గూడ కల్పించుకొన్నది. ముల్లులేని చేపముక్కలను వేయించి పెరుగు మసాలాలో దొరలించు అపోలో ఫిష్, రామ్‌నగర్ చేపల మార్కెట్టునుండి కొరమీను తెచ్చుకొనగల ఇండ్లలో సులభసాధ్యమే.

పిండిని సన్నని పోగులుగా చేసి వండుకొనుట మాత్రము మిక్కిలి ప్రాచీనము. చీనాదేశమున చింగ్‌హాయి ప్రాంతములోని లాజియా అను చోట, వరదమట్టి క్రింద బోర్లపడియున్న ఒక మట్టిగిన్నెలో సుమారు నాలుగువేల యేండ్లనాటి నూడుల్సు లభించినవనియు, అవి కొఱ్ఱలు, వరిగల పిండితో చేసినవనియు 2005లో నేచర్ పత్రికయందు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కొఱ్ఱలును వరిగలును తెలంగాణ మెట్టపొలములకు పాతచుట్టములే. సేమియా ఉప్మాతో తెల్లవారు మన యిండ్లకు ఆ పోగుల రూపము వింతది కాదు. 1980వ దశకమున మ్యాగీ పొట్లములు ప్రవేశించిన పిదప పిల్లలకది నిత్యపరిచితమైనది. వింతయైనది వండు విధానము మాత్రమే.

బండివాని క్రమము

బండివద్ద నిలిచి, మన పొట్లము వచ్చులోపల, వంట మాస్టరు పనిని శ్రద్ధగా పరికించినచో ఒక విషయము స్పష్టమగును. కడాయిలో వంట జరుగునది రెండుమూడు నిమిషములు మాత్రమే. అంతకుముందు జరిగిన పనికి కొన్ని గంటలు పట్టియుండును. నూడుల్సు మధ్యాహ్నమే ఉడికి, చల్లార్చబడి, నూనె పూసికొని పెద్దబేసినులో సిద్ధముగా ఉన్నవి. కోడిమాంసము ఒకసారి వేగి జల్లిలో వేచియున్నది. క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికము, ఉల్లికాడలు సన్నగా తరగబడి వేర్వేరు డబ్బాలలో కలవు. సాసుల సీసాలు చేయి చాచినంత దూరములో, ప్రతిదినము ఒకే వరుసలో, కన్ను చూడకయే చేయి అందుకొనునట్లు నిలిచియుండును. క్రింద గాలితో కలసి హోరుమని మండు పెద్దబర్నరు ఇంటి గ్యాసు పొయ్యికంటె ఎన్నో రెట్లు అధికమైన వేడి నిచ్చును.

ఈ వేడియే సర్వస్వము. ఒక గ్రాము నీటిని గది వేడిమినుండి మరగు స్థితికి తెచ్చుటకు సుమారు 70 కెలోరీల ఉష్ణము చాలును. మరగిన ఆ నీటినే ఆవిరిగా మార్చుటకో 540 కెలోరీలు కావలెను. కూరగాయలలో నీరు అధికభాగము. కడాయిలో పడినంతనే అది వెలుపలికి వచ్చును. మంట బలమైనదైనచో ఆ నీరు వచ్చినది వచ్చినట్లు ఆవిరియై పోవును. ముక్క అంచులు కొంచెము మాడి, లోపల కరకరలాడుచుండును. మంట చాలనిచో నీరు కడాయి అడుగున నిలిచి, దాని వేడిమిని నూఱు డిగ్రీలు దాటనీయక పట్టియుంచును. అప్పుడు వేపుడునకు మాఱు ఉడుకుట జరుగును. మాంసమునకును పిండికిని గోధుమవర్ణమును కమ్మని వాసనను ఇచ్చు రసాయనిక చర్య వేగముగా జరుగుటకు సుమారు 140 డిగ్రీలు కావలెను గనుక, నీరు నిలిచిన కడాయిలో ఆ వాసన ఎన్నటికిని పుట్టదు. నలుగురికి సరిపడు నూడుల్సును ఒకేసారి కడాయిలో కుమ్మరించు గృహిణి తన ప్రయత్నమునకు తానే అడ్డుపడుచున్నదని చెప్పక తప్పదు. మంటను పెంచలేనిచో వంటను తగ్గింపవలెను. ఒక మాఱు ఇద్దరికి సరిపడునంత మాత్రమే వండవలెను.

మాంసము వేయించు విధము

నలుగురికి అరకిలో ఎముకలేని కోడిమాంసము చాలును. రొమ్ముభాగముకంటె తొడభాగము మేలు; అందు కొవ్వు కొంచెము అధికమగుటచే వేగినను ఎండిపోదు. ముక్కలు బొటనవ్రేలి కణుపంత ఉండవలెను. పెద్దవైనచో పైభాగము మాడుసరికిని లోపల పచ్చిగానుండును. కడిగిన మాంసమును జల్లిలో వేసి నీరంతయు ఓడ్చి, ఒక పెద్దచెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, ముప్పాతిక చెంచా ఉప్పు, అరచెంచా మిరియాలపొడి, ఒకటిన్నర చెంచా కాశ్మీరీ కారము, రెండు పెద్దచెంచాల పెరుగు, ఒక గ్రుడ్డు కలిపి అరగంట నాననీయవలెను. పెరుగులోని ఆమ్లము పైపొరను మెత్తబఱచును. వేయించుటకు ముందు మాత్రమే మూడు పెద్దచెంచాల కార్న్ ఫ్లోరును, ఒక పెద్దచెంచా మైదాను చల్లి కలుపవలెను; ముందుగా కలిపినచో పిండి నీరుపీల్చి జావయగును.

నూనె 175 డిగ్రీల ప్రాంతమున ఉండవలెను. కొలుచు పరికరము లేని యిండ్లలో పిండిచుక్క నొకదానిని విడిచి చూచిన చాలును: అది అడుగునకు దిగి వెంటనే బుడగలతో పైకి లేచినచో నూనె సిద్ధము, అడుగుననే నిలిచినచో చల్లనిది, పడినంతనే నల్లబడినచో మితిమీరినది. ఒక్కొక్కసారి గుప్పెడు ముక్కలకు మించి వేయరాదు. నాలుగైదు నిమిషములు వేయించి, లేతవర్ణమున ఉండగనే జల్లిగరిటెతో తీసి, తీగెల పళ్లెముపై పది నిమిషములు ఆఱనీయవలెను. ఆ విరామమున లోపలి తేమ పైపొరలోనికి వచ్చును. పిమ్మట నూనెను ఇంకను కొంచెము కాచి, మరల ఒక నిమిషము వేయించినచో ఆ తేమ హరించి పైపొర గట్టిపడును. బండివాడు మన ఎదుట చేయునది ఈ రెండవ వేపుడే. పెద్దముక్క నొకదానిని విఱచి చూచి, లోపల గులాబిరంగు లేదని నిశ్చయించుకొనవలెను. మాంసము మధ్యభాగము 74 డిగ్రీలకు చేరుట క్షేమకరము.

చివరి తాళింపునకు రెండు చెంచాల నూనె, సన్నగా తరిగిన వెల్లుల్లి, చీల్చిన నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు చాలును. అవి వేగినంతనే మంట తగ్గించి, చిలికిన పెరుగు మూడు పెద్దచెంచాలు, కొంచెము కారము వేసి, పెరుగు దగ్గఱపడి నూనె తేలునప్పుడు వేగిన ముక్కలను దొరలించి దింపవలెను. ఇదియే హైదరాబాదు సిక్స్టీఫైవ్. కార్తీకమాసమున మాంసము విడుచువారు ఇదే పద్ధతిని పన్నీరుకును, క్యాలీఫ్లవరునకును వినియోగింపవచ్చును.

నూడుల్సు, కూరగాయలు, క్షణకాలపు మంట

నూడుల్సు విషయమున సహనమే ప్రధానము. నలుగురికి 300 గ్రాముల నూడుల్సును మూడు లీటర్ల మరగునీటిలో, కొంచెము ఉప్పుతో, పొట్లముపై వ్రాసిన కాలముకంటె ఒక నిమిషము తక్కువగా ఉడికింపవలెను. నీరు తక్కువైనచో విడుదలయైన గంజి చిక్కబడి పోగులను ఒకదానికొకటి అంటించును. తరువాత జల్లిలో పోసి, చన్నీటితో కడిగి, నీరు పూర్తిగా ఓడ్చి, ఒక చెంచా నూనె పట్టించి, వెడల్పైన పళ్లెములో పలుచగా పఱచి, ఫ్యాను క్రింద కనీసము అరగంట ఆఱబెట్టవలెను. చల్లారినకొలది లోపలి గంజి గట్టిపడి పోగు నిలదొక్కుకొనును. పులిహోరకు అన్నమును పళ్లెములో పఱచి ఆఱబెట్టు ఇల్లాలికి ఈ సూత్రమును వేఱుగా బోధింపనక్కఱలేదు. మధ్యాహ్నమే ఉడికించి ఫ్రిజ్‌లో నుంచినచో మఱియు శ్రేష్ఠము.

క్యాబేజీ, క్యారెట్, బీన్స్, క్యాప్సికము అగ్గిపుల్లలవలె సన్నగా తరిగి, కడిగిన తడి శేషింపకుండ గుడ్డతో ఒత్తవలెను. ఉల్లికాడల తెల్లభాగమును ఆకుపచ్చభాగమును వేఱుచేయవలెను. ఒక గిన్నెలో సోయా సాసు ఒక పెద్దచెంచా, చిల్లీ సాసు ఒక పెద్దచెంచా, వెనిగరు ఒక చిన్నచెంచా, మిరియాలపొడి అరచెంచా, చిటికెడు చక్కెర కలిపి సిద్ధముగా పెట్టుకొనవలెను. ఇది ఇద్దరికి సరిపోవు కొలత. ఇవన్నియు పొయ్యిప్రక్కకు చేరువఱకు అగ్గి వెలిగింపరాదు.

పల్చని ఇనుప కడాయిని పెద్దమంటపై పొగలు లేచువఱకు కాచి నూనె పోయవలెను. నాన్‌స్టిక్ పాత్రను ఇట్లు ఖాళీగా కాచుట తగదు. సుమారు 260 డిగ్రీలు దాటినచో దాని పూత చెడి హానికరమైన ఆవిరులు వెలువడును. గ్రుడ్డు వేయదలచినచో మొదట అదియే. చిదిమి ప్రక్కకు తీయవలెను. అటుపిమ్మట వెల్లుల్లి, ఉల్లికాడల తెల్లభాగము పదిక్షణములు. కూరగాయలు ఒక నిమిషము. ఆపైన ఇద్దరికి సరిపడు నూడుల్సు. సాసుల మిశ్రమమును నూడుల్సు నడుమ గాక, కాగిన కడాయి గోడలవెంబడి పోయవలెను. అది కాలిన ఇనుమును తాకి క్షణములో చిక్కబడి మాడువాసనను పుట్టించును. వీథి మలుపుననే మనలను నిలిపివేయు వాసన ఇదియే. రెండు గరిటెలతో క్రిందిది పైకి, పైది క్రిందికి ఎత్తివేయుచు మఱియొక నిమిషము త్రిప్పి, గ్రుడ్డును, వేగిన కోడిమాంసములో కొంతభాగమును, ఉల్లికాడల ఆకుపచ్చభాగమును చేర్చి దింపవలెను. కడాయిని తుడిచి, మరల పొగలువచ్చువఱకు కాచి, రెండవ విడతను ఇట్లే వండవలెను.

రంగు, టేస్టింగ్ సాల్ట్, ఉప్పు, నూనె

ఇంటివంట మేలు రుచియందుకంటె అదుపునందు అధికముగా కానవచ్చును. మొదటిది రంగు. బండి సిక్స్టీఫైవ్ ఎఱుపు చాలచోట్ల కృత్రిమవర్ణమువలన కలిగినది. గోబీ మంచూరియాలో ఇట్టి రంగుల వాడకమును కర్ణాటక ప్రభుత్వము 2024 మార్చిలో నిషేధించినది. కబాబులకు ఆ నిషేధమును అదే సంవత్సరము జూన్‌లో విస్తరించినది. కాశ్మీరీ కారము ఇచ్చు ఎఱుపు అంత తీక్ష్ణముగా ఉండకపోవచ్చును గాని, నాలుకకు లోటేమియు లేదు.

రెండవది టేస్టింగ్ సాల్ట్ అని పిలువబడు అజినమోటో. దీనిపై మన యిండ్లలో గల భయము వాస్తవమునకు మించినది. 1908లో టోక్యో విశ్వవిద్యాలయమున కికునాయె ఇకెడా అను రసాయనశాస్త్రాచార్యుడు సముద్రపు పాచితో కాచిన రసములోని విశేషరుచికి గ్లుటమేటు కారణమని కనిపెట్టెను. మఱుసటి యేడు అది అజినమోటో పేరిట అంగడికి వచ్చినది. పండిన టొమాటోలోను, పుట్టగొడుగులలోను ఆ పదార్థము సహజముగనే కలదు. చీనా భోజనము తిన్నపిదప మెడ తిమ్మిరెక్కుచున్నదని 1968లో ఒక వైద్యుడు అమెరికాలోని వైద్యపత్రికకు వ్రాసిన లేఖనుండి ఈ భయము ప్రబలినది. పిమ్మట జరిగిన పరిశోధనలు దానిని స్థిరముగా బలపఱుపలేదు. కావున చిటికెడు వేసికొన్నను దోషము లేదు, మానినను లోపము లేదు. సోయా సాసులోనే ఆ రుచి కొంత ఉన్నది.

నిజముగా జాగ్రత్తపడవలసినది ఉప్పువిషయమున. ఒక పెద్దచెంచా సోయా సాసులో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియము, అనగా రమారమి రెండుంబావు గ్రాముల ఉప్పు ఉండును. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన ఆహార సూచనలలో ఒక మనిషికి దినమునకు 5 గ్రాములకు మించి ఉప్పు వలదని యున్నది. మాంసము నాన్చినపుడు, నూడుల్సు ఉడికించినపుడు, సాసులు పోసినపుడు, మూడుసార్లు ఉప్పు చేరుచున్నది గనుక, నాలుగవసారి విడిగా ఉప్పు వేయకుండుట వివేకము.

ఇక నూనె. పదేపదే కాచిన నూనెలో పుట్టు పోలార్ పదార్థములు 25 శాతము దాటరాదని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ విధించిన నియమము 2018 జులై 1 నుండి అమలులో ఉన్నది. ప్రతి బండివాడును ఆ నియమమును తప్పునని అనుట అన్యాయము. దానిని పాటించువారును కలరు. ఐనను మన కడాయిలోని నూనె ఎన్నిసార్లు కాగినదో మనకే తెలియును. ఒకసారి వేయించిన నూనెను వడగట్టి, రెండు మూడు దినములలో కూరల తాళింపులకు ఖర్చుచేయవలెను. అందు మరల మాంసము వేయింపరాదు.

బండిని మానుకొమ్మని ఈ వ్రాతకు అర్థము కాదు. రాత్రి పదిగంటలకు గదికి చేరు విద్యార్థికి మంటముందు నిలిచి రెండు నిమిషములలో వేడివేడి ప్లేటు అందించు ఆ మాస్టరు శ్రమ గౌరవింపదగినది. కాని ఆదివారము తీరికగల ఇంటివారు, మధ్యాహ్నమే నూడుల్సు ఉడికించి ఆఱబెట్టి, కూరగాయలు తరిగి, మాంసము మొదటి వేపుడు ముగించుకొన్నచో, రాత్రి భోజనము పదునైదు నిమిషముల పని. పాఠకులు ఒక్క నియమము తప్పక పాటించెదరు గాక: ఇనుప కడాయి పొగలు గ్రక్కువఱకు ఏమియు వేయవలదు, వేసినపుడు ఇద్దరి పాలుకంటె ఎక్కువ వేయవలదు. సాసు ఏ కంపెనీదైనను ఫలము కలుగును.